చవక తుపాకీ అని ఒకటి లేదు తమ్ముళ్లూ

మైలవరం హాస్టల్ నుంచి రాస్తున్నాం. కొంచెం పొడుగు పోస్టు. ఓపిగ్గా చివరిదాకా చదవండి, చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, పర్లేదు.

సంక్రాంతి సెలవులైపోయి అందరం తిరిగొచ్చిన వారంలో, ఫస్టియర్ తమ్ముడొకడు రాత్రి మా రూముకొచ్చాడు. కాసేపు అటూ ఇటూ మాట్లాడి, "అన్నా, నడుముకి కట్టుకునే చిన్న తుపాకీ ఎంతలో దొరుకుద్ది?" అన్నాడు. ముందు మేం నవ్వాం. వాడు నవ్వలేదు.

వాళ్ల మావయ్య మామిడి తోట కాపలా. కాపలాతో పాటు అప్పుడప్పుడు కొండపల్లి అడవి వైపు పందుల వేటకి పోతాడు. సెలవుల్లో వీడూ వెంట పోతాడు. పోయినేడు దెబ్బ తిన్న పంది ఒకటి తిరగబడి మావయ్య తొడ చీల్చింది. చేతిలో నాటు తుపాకీ ఉంది గానీ అది ఒకసారి పేలితే మళ్లీ మందు కూరుకోవాలి. ఆ సందులోనే పంది మీద పడింది. అందుకే ఈసారి నడుముకి ఇంకోటి ఉండాలని వీడి ఆలోచన. ఎవరో తక్కువలో ఇప్పిస్తా అన్నాడంట. స్కాలర్‌షిప్ పడగానే కొందామని చూస్తున్నాడు.

వాడు చెడ్డోడు కాదు. మావయ్య రక్తం కళ్లారా చూసినోడు. అందుకే తిట్టి పంపలేకపోయాం. లంబాడీలం, ఎరుకలోళ్లం, యానాదులం, మన్యం నుంచి వచ్చిన కోయ స్నేహితుడొకడు, అందరం కూర్చుని మూడు రాత్రులు మాట్లాడుకున్నాం. చట్టాలు తీసి చదివాం. గొడవ కూడా పడ్డాం. చివరికి మాకు తేలింది ఇది: మనలాంటోళ్లకి చవకగా దొరికే తుపాకీయే అన్నిటికన్నా ఖరీదైనది. ఎందుకో ఒక్కొక్కటిగా చెప్తాం.

ముందు సక్రమంగా కొనే సంగతి చూద్దాం. మన దేశంలో చిన్న తుపాకీ, అంటే పిస్టలో రివాల్వరో, లైసెన్స్ లేకుండా కొనడం కుదరదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండనోళ్లకి లైసెన్సే ఇవ్వరు. మా రూములో ఉన్న ఎవరికీ 21 నిండలేదు. అడిగిన తమ్ముడికి 18. సరే, వయసు వచ్చింది, లైసెన్స్ కూడా వచ్చింది అనుకుందాం. కాన్పూర్‌లోని ప్రభుత్వ ఫ్యాక్టరీ 2014లో ఆడవాళ్ల ఆత్మరక్షణ కోసమని 'నిర్భీక్' అనే తేలికైన రివాల్వర్ తెచ్చింది. అర కిలో బరువు. అప్పుడే దాని ధర లక్షా ఇరవై వేలు దాటింది. మన ఇళ్లల్లో లక్ష రూపాయలంటే ఎన్ని సీజన్ల కూలో లెక్కేసుకోండి.

ఇంకో మాట. ఆ లక్ష పెట్టినా అది పంది కోసం చేసింది కాదు. .32 గుండు చిన్నది, బలం తక్కువ. ఎదురుగా మనిషి మీదకొస్తే వాడుకోడానికి చేసింది. చీకట్లో, పొదల్లో, పరిగెత్తుకొచ్చే పంది మీద పొట్టి తుపాకీ గురి కుదరాలంటే సైన్యంలో ఉన్నోడికే కష్టం. గురి తప్పితే పంది ఆగదు, ఇంకా రేగుతుంది. ఆ గుండు అవతల ఉన్న మన మనిషికి తగిలినా తగలొచ్చు. సినిమాలో హీరో నడుం నుంచి తీసి కాల్చినంత తేలిక కాదు.

ఇక నాటుది. "తక్కువలో ఇప్పిస్తా" అన్నోడు చెప్పేది దీని గురించే. అది ఏ ఇనుముతో చేశారో, గొట్టం ఎంత గట్టిదో, ఎవరు పరీక్ష చేశారో ఎవరికీ తెలీదు. మందు కాస్త ఎక్కువైనా, గొట్టంలో ఎక్కడన్నా సన్నటి పగులున్నా ముందుకి పేలాల్సింది వెనక్కి పేలుద్ది. మా తండాల్లో బొటనవేలు లేని పెద్దోళ్లు, ఒక కన్ను పోయినోళ్లు ఉన్నారు. ఎలా పోయిందని అడిగితే "చిన్నప్పుడు టపాసు" అంటారు. ఏ టపాసో అందరికీ తెలుసు.

చట్టం సంగతి ఇంకా ఘోరం. లైసెన్స్ లేని తుపాకీ దగ్గరుంటే చాలు, కాల్చక్కర్లేదు, ఇంట్లో అటక మీదున్నా చాలు. 2019 సవరణ తర్వాత శిక్ష రెండేళ్లకి తక్కువ కాకుండా ఐదేళ్ల దాకా, దాంతో పాటు జరిమానా. తయారు చేసినా అమ్మినా ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. రెండేళ్లు అనేది కనీసం అని గుర్తుపెట్టుకోండి. పేదోడు, చదువుకునే పిల్లోడు అని జడ్జి గారికి జాలేసినా అలా ఊరికే వదిలేయడానికి లేదు.

మా తమ్ముడు అడిగిన అసలు ప్రశ్న ఇంకోటి ఉంది. "నేను వేటాడ్డానికి కాదన్నా, వేటలో ప్రాణం కాపాడుకోడానికి." ఇక్కడే మేం ఎక్కువసేపు ఆగాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 11వ సెక్షన్ ఉంది. ప్రాణం మీదకొచ్చినప్పుడు నిజంగా తనని కాపాడుకోడానికి జంతువుని చంపినా గాయపరిచినా నేరం కాదు అని అందులో ఉంది. ఆ మాట వినగానే వాడి మొహం వెలిగింది. కానీ దాని కిందే ఇంకో వాక్యం ఉంది. ఆ అవసరం వచ్చిన సమయానికి నువ్వు అదే చట్టానికి విరుద్ధమైన పని చేస్తూ ఉంటే ఈ రక్షణ నీకు వర్తించదు. అంటే కట్టెలకి పోయినోడి మీద ఎలుగుబంటి పడితే వాడు తిరగబడొచ్చు, చట్టం వాడి వైపుంటుంది. వేటకి పోయినోడి మీద పడితే చట్టం వాడి వైపు ఉండదు. నడుముకి తుపాకీ కట్టుకుని వేటకి పోయిన రోజున "ప్రాణ రక్షణ" అనే మాట మన నోట్లోంచి పోయినట్టే.

2022 సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూల్లో ఉంది. ఎలుగుబంటి, చిరుత, ఉడుము మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. మొదటి షెడ్యూల్ జంతువు జోలికి పోతే మూడేళ్ల నుంచి ఏడేళ్లు, పాతిక వేలకి తగ్గని జరిమానా. వేట అంటే చంపడమొక్కటే కాదు. ఉచ్చు పెట్టడం, విషం పెట్టడం, తరమడం, వీటికి ప్రయత్నించడం కూడా చట్టం దృష్టిలో వేటే. పందికని పోయి చీకట్లో ఇంకోటి తగిలితే లెక్క ఎక్కడికి పోతుందో చూసుకోండి.

ఎయిర్‌గన్ గురించి కూడా చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాం. 2016 ఆయుధ నియమాల ప్రకారం 0.177 అంగుళాల గొట్టం, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్‌గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు. నిజమే. కానీ లైసెన్స్ అక్కర్లేదంటే దాంతో కౌజు పిట్టనీ కుందేలునీ కొట్టొచ్చని కాదు. డబ్బాల మీద గురి చూసుకోడానికే అది. పంది మీద కొడితే దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

ఇప్పుడు మనకి మాత్రమే ఉన్న ఇంకో లెక్క. ఊళ్లో పెద్ద రైతు ఇంట్లో తుపాకీ దొరికితే ఒక కథ, మన తండాలో దొరికితే ఇంకో కథ. 1871లో తెల్లోళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలోళ్లతో పాటు మనలో ఎన్నో తెగలని పుట్టుకతోనే దొంగలని రాసుకున్నారు. వేలిముద్రలు, హాజర్లు, ఊరు దాటాలంటే చీటీ. స్టువర్టుపురం అలా సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో పెట్టిన సెటిల్‌మెంటే. 1952 ఆగస్టు 31న ఆ ముద్ర కాగితం మీద పోయింది. మనసుల్లో పోయిందా? ఊళ్లో మోటారు పోతే ముందు ఎవరి గుడిసె వెతుకుతారో మీకు చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు ఒక్క నాటు తుపాకీ దొరికితే అది ఒక్కడి కేసుగా ఉండదు. తండా మొత్తం మీద అనుమానం. మన తాతలు ఏ ముద్ర చెరుపుకోడానికి బతుకంతా కష్టపడ్డారో, ఆ ముద్రని మనమే డబ్బిచ్చి కొని తెచ్చుకున్నట్టు అవుద్ది.

మా సంగతి కూడా ఇందులో ఉంది. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కినోళ్లం మేమే మొదటోళ్లం. మాలో సగం మంది కానిస్టేబుల్‌కో ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కో చదువుతున్నారు. ఏ సర్కారు ఉద్యోగమైనా పోలీస్ వెరిఫికేషన్ ఉంటది. "మీ మీద కేసు ఏదైనా ఉందా" అనే గడి ఉంటది. మార్కులొచ్చినా ఆ గడి దగ్గర ఆగిపోతే ఇంట్లో రెండో తరం కూడా ఆగిపోద్ది. పందికూర ఒక పూట. ఆ గడి బతుకంతా.

గొడవ పడ్డాం అన్నాం కదా, అది దాచం. మా కోయ స్నేహితుడు ఊరుకోలేదు. "వేట మన పండగలో ఉంది. ఇటుకల పండక్కి మగాళ్లంతా అడవికి పోతారు. మన తాతలు వేటాడారు, అడవి మిగిలే ఉంది. రాజులూ దొరలూ సరదాకి కొట్టి పులుల్ని లేకుండా చేశారు. ఇప్పుడు నేరం మనదా?" అన్నాడు. అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. మాకూ మండింది. 2006 అటవీ హక్కుల చట్టం మనకి తేనె, కుంకుళ్లు, అడ్డాకులు, తునికాకు లాంటి చిన్న అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఇచ్చింది. సాగు చేసుకునే భూమి మీద హక్కు ఇచ్చింది. సంప్రదాయ హక్కులన్నీ అంటూనే వేట హక్కుని మాత్రం పేరు పెట్టి బయట ఉంచింది. ఇది మనతో మాట్లాడి చేశారా లేదా అనేది అడగాల్సిన ప్రశ్నే. అడుగుదాం. గ్రామసభలో అడుగుదాం, ఎమ్మెల్యేని అడుగుదాం. కానీ ఆ ప్రశ్న అడగడానికి మనం బయట ఉండాలి గదా, జైల్లో కాదు.

ఇంకో తమ్ముడు అల్లూరి సీతారామరాజు పేరెత్తాడు. "ఆయన తుపాకులు పట్టలేదా?" అని. పట్టాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, తర్వాత రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు తీసుకెళ్లారు. పోడు కొట్టనీకుండా, కూలీ ఇవ్వకుండా రోడ్లేయించిన సర్కారు మీద కొట్లాట అది. మనం ఒక వ్యాపారి తోట కోసం, ఒక టౌనోడి పందికూర కోసం పట్టే తుపాకీకి ఆ పేరు పెట్టడం మాకు సిగ్గుగా అనిపించింది. చివరికి ఆ తమ్ముడు కూడా ఒప్పుకున్నాడు.

అవును, ఎవరి కోసం అనేది కూడా అడగాలి. మన మైలవరం, రెడ్డిగూడెం, నూజివీడు వైపు మార్చి నుంచి జూన్ దాకా మామిడి తోటల కాపలా ఎవరిది? ఎక్కువగా మనోళ్లదే. తోట ఒకరిది, కాయ కొన్న వ్యాపారి ఇంకొకరు, రాత్రంతా మేలుకునేది మన నాన్న, మన మావయ్య. బంగినపల్లి గాలికి రాలితే పందులొస్తాయి. పక్కన మొక్కజొన్న ఉంటే గుంపులుగా వస్తాయి. "పందులు రాకుండా ఎలాగోలా చూసుకో" అంటారు. ఆ "ఎలాగోలా"లోనే తుపాకీ ఉంది, కరెంటు తీగ ఉంది, నాటు బాంబు ఉంది. ఎలా అని ఎవరూ నోరు తెరిచి చెప్పరు. జరగరానిది జరిగితే "నేను చెప్పలేదే" అంటారు. వేట కూర కొనేటోళ్ల కథా అంతే. తుపాకీ మన చేతిలో, కూర వాళ్ల విస్తట్లో, కేసు మన పేరు మీద.

తీగ గురించీ బాంబు గురించీ ఒక్క మాట. తుపాకీ వద్దంటే ఇవి మేలు అనుకునేరు. తీగకి పంది ఎవరో మనిషి ఎవరో తెలీదు. తెల్లారుజామున బయటికి పోయిన మన అమ్మ కాలికి కూడా అదే కరెంటు. బాంబు పెట్టిన ఉండని గొడ్డు కొరికితే దవడ పోద్ది. 2020 మేలో కేరళ పాలక్కాడ్ జిల్లాలో కడుపుతో ఉన్న ఏనుగు ఒకటి పందుల కోసం పెట్టిన పేలుడు పండు కొరికి, నొప్పికి నీళ్లల్లో నిలబడి చచ్చిపోయింది. దేశమంతా చూసింది. అక్కడా అరెస్టయింది తోట పనోడే.

అయితే చేతులు ముడుచుకుని కూర్చోమంటారా అంటే, కాదు. తోట కాపలా మానలేం, అడవికి పోవడం మానలేం. మరి చేతిలో ఏముండాలి?

మొదటిది, అడవిలో మనల్ని ఎక్కువగా చంపేది పంది కాదు, పాము. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా ఏడాదికి సగటున 58 వేల మంది పాముకాటుతో పోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది. ఎక్కువ మంది పల్లెలోళ్లే. కాబట్టి మొదట కొనాల్సింది మంచి టార్చిలైటు, వీలైతే తలకి కట్టుకునేది. రెండోది మోకాలి కింద దాకా వచ్చే రబ్బరు బూట్లు. మూడోది మనిషెత్తు గట్టి కర్ర. ముందు కర్ర తట్టి తర్వాత కాలు పెట్టాలి. ఇవన్నీ కలిపినా ఆ నాటుదాని ధర రావు.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా తాడు కట్టడం వద్దు. కరిచిన చోటు కదపకుండా నేరుగా ప్రభుత్వ ఆస్పత్రికి పోవాలి. విరుగుడు ఇంజెక్షన్ అక్కడ ఉంటది. 108 నంబరు ఇంట్లో ఆడవాళ్లందరికీ తెలియాలి.

నాలుగోది తోడు. ఒంటరిగా పోవద్దు, ముగ్గురు పోండి, మాట్లాడుకుంటూ పోండి. ఎలుగుబంటి ఎక్కువగా దగ్గరికొచ్చి ఉలిక్కిపడినప్పుడే మీద పడుద్ది. దూరం నుంచి మన అలికిడి వింటే చాలాసార్లు అదే తప్పుకుంటుంది. తెల్లారుజామున, పొద్దుగూకాక పుట్టల దగ్గర, వాగు పక్క పొదల దగ్గర జాగ్రత్త. పంది పిల్లలు కనపడితే తల్లికీ వాటికీ మధ్యలోకి పోవద్దు. అన్నిటికన్నా ముఖ్యం, దెబ్బ తిన్న పంది వెనకాల పోవద్దు. మావయ్య తొడ చీలింది అక్కడే. పందిని ముందు ఎవరూ కొట్టకపోయుంటే అది తిరగబడేదే కాదు, రెండో తుపాకీ అవసరమే వచ్చేది కాదు. మా తమ్ముడికి ఈ మాట చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు.

ఐదోది కాగితం. పందులు పంట పాడు చేస్తే ఫోన్‌లో ఫొటో తీసి, తేదీతో సహా అటవీ శాఖకి దరఖాస్తు పెట్టండి. రైతు పెట్టకపోతే పెట్టమని అడగండి, రాయడం మేం చేస్తాం. మరీ ప్రమాదంగా మారిన జంతువుల మీద రాతపూర్వకంగా అనుమతి ఇచ్చే అధికారం చట్టంలోనే అధికారులకి ఉంది. పంటల కాపలాకి మందు కూరే తుపాకీకి లైసెన్స్ అడిగే దారి కూడా ఆయుధ చట్టంలోనే ఉంది. అలాంటి లైసెన్స్ కావాల్సింది పొలం ఉన్నోడు తన పేరు మీద, తన బాధ్యత మీద తీసుకోవాలి. కాపలావాడి చేతిలో లైసెన్స్ లేని గొట్టం పెట్టి తను ఇంట్లో పడుకోకూడదు. లైసెన్స్ ఉన్నా పందిని కొట్టడానికి విడిగా అనుమతి ఉండాల్సిందే. ఈ సంగతి మన పెద్దోళ్లకి చెప్పాల్సింది చదువుకుంటున్న మనమే.

ఆరోది, ఇప్పటికే ఇంట్లో పాతది ఉన్నోళ్ల సంగతి. భయపడి దాచొద్దు, బావిలో పడేయొద్దు, ఇంకొకరికి అమ్మొద్దు. ఒంటరిగా స్టేషన్‌కి పోవడం కూడా మంచిది కాదు. గిరిజనులందరికీ ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు, ఆదాయంతో పని లేదు. 15100కి ఫోన్ చేసి లాయర్ని అడిగి, పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని అప్పగించే దారి చూడండి. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021 మార్చిలో ఎయిర్‌గన్‌లు అప్పగించే కార్యక్రమం మొదలైంది. అక్కడా మనలాంటి గిరిజనులే, అక్కడా వేట తరతరాల ఆచారమే. ఒక్కో ఊరు ముందుకొచ్చి వేయికి పైగా ఇచ్చేశారు. వాళ్లు ఆచారం మర్చిపోయారని మేం అనుకోవట్లేదు. పిల్లల కోసం ఒక లెక్క వేసుకున్నారు, అంతే. మన జిల్లాలో కూడా అధికారులు కేసు భయం లేకుండా అలాంటి రోజు ఒకటి పెట్టాలని అడుగుదాం. ఈ గ్రూపులో వందమంది సంతకం పెట్టినా అర్జీ రాసి మేమే పట్టుకెళ్తాం.

ఇంతకీ మా తమ్ముడు ఏం చేశాడని అడుగుతారేమో. ఇంకా "సరే" అనలేదు. "మావయ్య వింటాడో లేదో" అన్నాడు. స్కాలర్‌షిప్ కూడా ఇంకా పడలేదు. వచ్చే ఆదివారం మాలో ఇద్దరం వాడితో పాటు తోటకి పోతున్నాం, మావయ్యతో మాట్లాడ్డానికి. ఒక టార్చిలైటు కొని పట్టుకెళ్తున్నాం. ఆయన తిట్టినా తిట్టొచ్చు. పెద్దాయన, పడతాం.

మీ తండాలో, మీ గూడెంలో ఇలాంటి మాట వస్తే మీరేం చెప్పారో కింద రాయండి. వేట గురించి మాతో ఒప్పుకోనోళ్లు కూడా రాయండి, ముఖ్యంగా మన్యం అన్నలు. పేర్లు, ఊళ్లు మాత్రం రాయొద్దు, ఎవరికీ ఇబ్బంది కాకూడదు.

ఉంటాం.
మైలవరం హాస్టల్ విద్యార్థులం